ప్రథమ చికిత్స ఎవరి విద్య?

వైద్యాన్ని గురించి మన పత్రికల్లో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ఆస్పత్రుల కొరతను గురించి వస్తాయి, మందుల ధరలను గురించి వస్తాయి, డాక్టర్ల వ్యాపారాన్ని గురించి వస్తాయి. ఇవన్నీ వ్రాయవలసినవే. కాని మనిషి కింద పడిన క్షణానికీ, ఆస్పత్రి గడప తొక్కే క్షణానికీ మధ్య కొంత కాలం ఉన్నది. ఆ కాలాన్ని గురించి మనం పట్టించుకున్నది చాలా తక్కువ.

గుండె ఆగిన మనిషికి నాలుగైదు నిమిషాల్లో మెదడు చెడిపోవడం మొదలవుతుంది. తొడలో పెద్ద నెత్తురునాళం తెగితే అంతకన్న ఎక్కువ వ్యవధి దొరక్కపోవచ్చు. ఎంత పేరున్న ఆస్పత్రి అయినా ఆ నిమిషాల్లో అక్కడికి రాలేదు. అక్కడ ఉండేది పక్కనున్న మనిషి ఒక్కడే. ఆ పక్కనున్న మనిషి ఎవరు? పొలంలో తోటి కూలి, యార్డులో తోటి హమాలీ, రోడ్డుమీద ఆటో డ్రైవరు, కరెంటు స్తంభం కింద నిలబడ్డ హెల్పరు, ఇంట్లో ఆడవాళ్లు. అంటే, వైద్యంలోని మొట్టమొదటి పని, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్ని నిలిపే ఒకే ఒక్క పని, చదువుకు అన్నిటికన్న దూరంగా ఉన్నవాళ్ల చేతుల్లో పడుతున్నది. ఆ చేతులకు ఆ విద్య అందిందా, అందకపోతే ఎందుకు అందలేదు అనేదే నా ప్రశ్న.

నేను తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికేవాణ్ణి. వైద్యంతో నాకు సంబంధం లేదు. ఈ వ్యవహారంలోకి నన్ను లాక్కువచ్చింది భాష. మా కాలేజీ ఎన్.ఎస్.ఎస్. వారు రెండు రోజులు ప్రథమ చికిత్స తరగతులు పెట్టారు. విద్యార్థులతో పాటు మిర్చి యార్డు హమాలీలనూ, ఆటో స్టాండు వాళ్లనూ, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లనూ పిలిచారు. పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టరు మంచివాడు, శ్రద్ధగా చెప్పాడు. చివర ఆయన అందరికీ ఒక కాగితం పంచాడు. ఇంగ్లీషు పుస్తకంలోని విషయాన్ని ఎవరో తెలుగు చేశారు. అందులో మొదటి వాక్యం ఇది: "రక్తస్రావ నియంత్రణకై గాయముపై ప్రత్యక్ష పీడనమును నిరంతరాయముగా ప్రయోగించవలెను."

హమాలీల ముఠా మేస్త్రి ఆ కాగితాన్ని కొడుకు చేత చదివించుకుని, నాకేసి తిరిగి, "మాష్టారూ, ఇది అర్థమయ్యేలోపల వాడు పోతాడండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది నవ్వులాటగా తోచలేదు. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడి నూరేళ్లు దాటింది. కథల్లో గెలిచాం, నవలల్లో గెలిచాం, పత్రికల్లో గెలిచాం. ప్రాణం పోయేచోట మాత్రం గ్రాంథికం ఇంకా కూర్చునే ఉంది.

ఆ కాగితాన్ని తిరగ వ్రాసే పని నామీద పడింది. ముఠా మేస్త్రీ, వంటచేసే ఒకావిడా, ఇద్దరు విద్యార్థులూ నాతో కూర్చున్నారు. ప్రతి మాటనూ డాక్టరు సరిచూశాడు. మొదటి వాక్యం చివరికి ఇలా తేలింది: "నెత్తురు కారేచోట గుడ్డ పెట్టు. అరచేత్తో గట్టిగా అదిమిపట్టు. తీసి చూడకు. గుడ్డ తడిస్తే దానిమీదే ఇంకొకటి వెయ్యి." ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క పని. నేను మర్యాదకోసం "పెట్టండి, పట్టండి" అని వ్రాశాను. వంటావిడ ఒప్పుకోలేదు. "అండీ అని వ్రాస్తే చదువుతామండీ, పట్టు అంటే పట్టేస్తామండీ" అన్నది. శైలిని గురించి నేను క్లాసులో చెప్పే పాఠాల్లో ఇంతకన్న స్పష్టమైన సూత్రం లేదు.

"తీసి చూడకు" అన్నదానికి మేస్త్రి కారణం అడిగాడు. కారే నెత్తురు గడ్డకట్టి గాయానికి మూత వేస్తుందనీ, గుడ్డ తీసిన ప్రతిసారీ ఆ మూతను మనమే పీకేసినట్లవుతుందనీ డాక్టరు చెప్పాడు. ఆ వాక్యం కూడా కాగితంలోకి ఎక్కింది. ప్రజలకు ఆజ్ఞలు చాలు, కారణాలు అక్కర్లేదు అనుకోవడం మన పాఠ్యపుస్తకాలకున్న జబ్బు. కారణం తెలిసినవాడు కొత్త పరిస్థితి వచ్చినా నిలబడతాడు. చేతినుంచో కాలినుంచో నెత్తురు చిమ్ముతూ, ఎంత అదిమినా ఆగకపోతే, గాయానికి పైన, కీలుమీద పడకుండా, వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టాలి. కట్టిన వేళ గుర్తుంచుకుని ఆస్పత్రిలో చెప్పాలి. ఇది చివరి ఉపాయం.

ఇక్కడే ఒక మాటను గురించి తగువు వచ్చింది. మన పత్రికల్లో ఎవరు హఠాత్తుగా పోయినా "గుండెపోటు" అని వ్రాస్తారు. వైద్యుడి దృష్టిలో అక్కడ రెండు వేరు వేరు ఆపదలున్నాయి. గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళం పూడిపోతే అది గుండెపోటు. ఆ మనిషికి తెలివి ఉంటుంది, మాట్లాడతాడు, చెమటలు పడతాయి, రొమ్ములో బరువుగా ఉన్నదంటాడు. అతన్ని నడిపించకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. రెండోది గుండె ఆగడం. గుండెపోటు దీనికి దారి తీయవచ్చు, కరెంటు షాకు కూడా దారి తీయవచ్చు. ఆ మనిషి కూలిపోతాడు, పిలిస్తే పలకడు, ఊపిరి సరిగా ఉండదు. అప్పుడు చెయ్యవలసిన పని వేరు. రెండింటికీ ఒకే మాట వాడే భాషలో చేతికి ఏం తోస్తుంది? మా కాగితంలో రెంటినీ విడదీసి, రెండోదాన్ని "గుండె ఆగడం" అనే వ్రాశాం. అలా విడదీయడం పాండిత్య ప్రకర్ష కోసం కాదు.

మరొక మాట "ఎగశ్వాస". గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు ఉండి ఉండి పెద్దగా నోరు తెరిచి గాలి లాగుతారు. చూసేవాళ్లకు ఊపిరి ఆడుతున్నట్లే ఉంటుంది. నిజానికి అది ఊపిరి కాదు. మన ఇళ్లలో ఎగశ్వాస అన్నమాట వినబడగానే తులసి నీళ్లు తెచ్చి గొంతులో పోస్తారు. నెలల తరబడి తీసుకుని పోతున్న ముసలివాళ్ల దగ్గర ఆ ఆచారం బంధువుల ఓదార్పుకు సంబంధించినది, దాన్ని నేను వెక్కిరించబోను. కాని అంతకుముందు క్షణం దాకా బస్తా మోస్తున్న నలభైయేళ్ల మనిషి కూలినప్పుడు, అదే ఎగశ్వాస రొమ్ముమీద చేతులు వెయ్యమని చెప్పే గుర్తు. తెలివిలేని మనిషి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంత్యక్రియకు సూచనగా మనం నేర్చుకున్న మాటను చికిత్సకు సూచనగా మార్చుకోవలసి వచ్చింది.

రొమ్ముమీద చేతులు వెయ్యడం ఎలాగో చెప్తాను, ఎందుకంటే ఇది చదివేవారికి ఎప్పుడైనా అవసరం పడవచ్చు. మనిషిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒకరిని 108కి ఫోన్ చెయ్యమనాలి. రొమ్ము నడిమధ్య ఎముకమీద ఒక అరచేతి మడమ పెట్టి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా, ఒంటి బరువుతో రెండంగుళాల లోతుకు అదమాలి. అదిమిన ప్రతిసారీ రొమ్మును పూర్తిగా పైకి లేవనివ్వాలి. నిమిషానికి నూటికి తగ్గకుండా, నూట ఇరవైకి మించకుండా అదుముతూ ఉండాలి. నేర్చినవారు ముప్పై సార్లు అదిమి రెండు సార్లు నోటిలో ఊపిరి ఊదుతారు. అది చేతకాకపోతే వట్టి అదమడమైనా ఆపకూడదు. నీళ్లలో మునిగినవారికి మాత్రం ఊపిరి ఊదడం ముఖ్యం. వారి పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలనుకోవడం, కాళ్లు పట్టుకుని గిరగిర తిప్పడం హాని. ఆలస్యమైన ఒక్కొక్క నిమిషానికి బ్రతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది వంతులు తగ్గుతూ పోతుంది.

ఈ వేగం ఎంతో హమాలీలకు నేర్పడానికి విద్యార్థులు సినిమా పాటలు వెతికారు. మేస్త్రి వాటి జోలికి పోలేదు. కాటా దగ్గర బస్తాలు లెక్కపెట్టేటట్టు "లాభం, రెండు, మూడు" అంటూ ముప్పై దాకా అదిమాడు. డాక్టరు గడియారం చూశాడు. వేగం సరిపోయింది. ఒకటికి లాభమని పేరు పెట్టుకున్న ఆ లెక్క తరతరాలుగా పరాయివాడి సరుకుకే ఉపయోగపడింది. ఆ రోజున మాత్రం మనిషి ప్రాణానికి లెక్క అయింది.

ఈ విద్య పుట్టుకను గమనిస్తే ఇంకొక సంగతి బయటపడుతుంది. రొమ్ము అదిమి గుండెను నడిపించవచ్చునని 1960లో అమెరికాలో బాల్టిమోరు నుంచి ముగ్గురు ప్రకటించారు. వారిలో కౌవెన్‌హోవెన్ అనే ఆయన వైద్యుడు కూడా కాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. కరెంటు తీగెలమీద పనిచేసే లైన్‌మన్లు షాకు తగిలి చచ్చిపోతూ ఉంటే, దానికి ఉపాయం కనిపెట్టడానికి విద్యుత్ కంపెనీల డబ్బుతో మొదలైన పరిశోధన అది. దీనికి రెండు చేతులు చాలునని వారు వ్రాశారు. అంతకుముందే 1877లో ఇంగ్లండులో సెంట్ జాన్ ఆంబులెన్స్ సంఘం మొదలైనప్పుడు ఆ తరగతులు బొగ్గుగనుల ప్రాంతాల్లోనూ, రైల్వే కేంద్రాల్లోనూ బాగా వేళ్లూనాయి. కార్మికుల చావులే ఈ శాస్త్రానికి ప్రయోగశాల. తిరిగి వారికి ఆ శాస్త్రం అందించడం దానమెలా అవుతుంది? అది బాకీ తీర్చడం. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నూటయాభై మంది కార్మికులకు ఒకటికి తక్కువ కాకుండా ప్రథమ చికిత్స పెట్టెలుండాలనీ, వాటికి శిక్షణ పొందిన బాధ్యుడుండాలనీ శాసించింది. గోడకు పెట్టె తగిలించడం సులువు. తెరవడం తెలిసిన చెయ్యి ఆ షిఫ్టులో ఉన్నదా అని అడగడం యూనియన్ల పని.

ఇక పొలాలకు వద్దాం. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవారు సుమారు 12 లక్షలని 2020లో వెలువడిన పరిశోధన అంచనా కట్టింది. ఏటికి సగటున 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో తెలంగాణా కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. వానాకాలంలో, పల్లెల్లో, పనిచేసే వయసులో ఈ చావులు వస్తున్నాయి. వీటిని విధి అనడానికి వీల్లేదు. కాటు పడగానే పైన తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం మనకు తెలిసిన వైద్యం. మూడూ కీడే. నెత్తురు చిమ్మే గాయానికి నేను ముందు చెప్పిన కట్టు పాముకాటుకు పనికిరాదు. దానివల్ల అవయవం కుళ్లవచ్చు. చెయ్యవలసింది ఇంతే: మనిషిని కదలనివ్వకు. కరిచిన కాలికో చేతికో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద కట్టు. ఉంగరాలు, కడియాలు తీసెయ్యి. విరుగుడు మందున్న ఆస్పత్రికి మోసుకుపో. కట్లపాము కరిస్తే నొప్పి కూడా సరిగా తెలియదు. నేలమీద పడుకున్నవాణ్ణి రాత్రి కరిచి పోతుంది, తెల్లవారేసరికి కనురెప్పలు వాలి, ఊపిరి కండరాలు పడిపోతాయి. నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చోవడమే ప్రాణాంతకం.

మంత్రగాడి దగ్గరికి పోయేవాణ్ణి మూఢుడని తిట్టడం చదువుకున్నవాళ్లకు అలవాటు. మంత్రగాడు ఊళ్లో ఉన్నాడు, ఆస్పత్రి ముప్పై మైళ్ల దూరాన ఉన్నది అనే సత్యాన్ని ఆ తిట్టు మరుగుపరుస్తుంది. ఇంకొక సత్యం కూడా ఉంది. మన దేశంలో విరుగుడు మందు తయారీకి కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో మహాబలిపురం దగ్గర ఇరుళ గిరిజనులు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వచ్చినదే. అక్షరం రాదని మనం చిన్నచూపు చూసినవారి చేతి నేర్పు లేనిదే ఆధునిక వైద్యశాస్త్రానికి మందు సీసా నిండలేదు.

పురుగుమందు తాగినవాడికి ఉప్పునీళ్లు పోసి డోకు పెట్టించడం మరో అలవాటు. తెలివి తప్పుతున్నవాడు కక్కుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బట్టలు తీసి, ఒంటిమీద పడ్డ మందును నీళ్లతో కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి చేర్చాలి. కడిగేవాడు చేతులకు తొడుగు వేసుకోవాలి. ఎందుకంటే ప్రథమ చికిత్సలో మొట్టమొదటి పాఠం రెండో శవం కాకుండా ఉండడం. మురికి గుంటలో దిగినవాడు పైకి రాకపోతే వాణ్ణి తీయడానికి ఇంకొకడు దిగి, వాడికోసం మూడోవాడు దిగి, ముగ్గురూ పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. పత్రికలు దాన్ని త్యాగమంటాయి. అది త్యాగమే. కాని ఆ గుంటలోకి మనిషిని దింపకూడదని 2013 చట్టం ఉన్నా దింపినవాడి నేరాన్ని ఆ త్యాగమనే మాట కప్పిపెడుతున్నది.

ఇంతదాకా విన్న ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. "ఇదంతా సంస్కరణవాదం. వైద్యం ప్రభుత్వ బాధ్యత. ప్రజలకు నువ్వు కట్లు కట్టడం నేర్పితే, ఆస్పత్రులు కట్టవలసిన ప్రభుత్వం హాయిగా నిద్రపోతుంది" అన్నాడు. కొట్టివేయదగిన వాదన కాదు ఇది. బాధ్యతను ప్రజలమీదికి నెట్టడం పాలకులకు కొత్త కాదు. కాని ప్రథమ చికిత్స సహజంగానే రెండో చికిత్సను కోరుతుంది. అదిమిపట్టిన చెయ్యి ఎంతసేపు పట్టగలదు? రొమ్ము అదిమేవాడు రెండు నిమిషాలకే అలిసిపోతాడు. వాడికి పక్కన ఇంకొకడు కావాలి, తరువాత ఆంబులెన్సు కావాలి, ఆ తరువాత ఆస్పత్రి కావాలి. నిమిషాల విలువ తెలియనివాడు ఆంబులెన్సు రాకపోతే తలరాత అనుకుంటాడు. తెలిసినవాడు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో లెక్క అడుగుతాడు. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, తరువాత అనేక రాష్ట్రాలకు పాకింది. దాన్ని మంచి స్థితిలో నిలబెట్టుకోవాలంటే లెక్క అడిగేవాళ్లు ఊరూరా కావాలి.

పైగా ఈ ఆంబులెన్సు విద్యకే ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1960ల దాకా చాలా ఊళ్లలో రోగులను మోసినవి శవాలు మోసే బళ్లు, లేకుంటే పోలీసు వాన్లు. పిట్స్‌బర్గు నగరంలో హిల్ డిస్ట్రిక్ట్ అనే నీగ్రోల పేట (ఆనాటి మాట అది, ఈనాడు నల్లజాతివారనే అనాలి) పోలీసు వానును నమ్ముకోవలసి వచ్చేది. 1967లో అక్కడ ఫ్రీడమ్ హౌస్ అనే సంస్థ, నోటితో ఊపిరి ఊదే పద్ధతిని ప్రయోగాలతో నిలబెట్టిన డాక్టరు పీటర్ సఫార్ సహాయంతో, ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువకులను చేర్చుకుని సుమారు 300 గంటలు శిక్షణ ఇచ్చింది. హైస్కూలు చదువు పూర్తికానివారు కూడా వారిలో ఉన్నారు. పనికిరారని లోకం తీర్పు చెప్పినవారే ఆ దేశంలో మొదటితరం పారామెడిక్కులయ్యారు. వారితో పనిచేసిన డాక్టరు నాన్సీ కెరొలిన్ వ్రాసిన పాఠ్యక్రమం తరువాత దేశమంతటి శిక్షణకు పునాదుల్లో ఒకటైంది. 1975లో నగరపాలకులు సొంత సర్వీసు పెట్టి ఫ్రీడమ్ హౌస్‌ను మూసేశారు. కొత్త సర్వీసులో కొత్త పరీక్షలూ, కొత్త నియమాలూ వచ్చి, దారి వేసినవారిలో చాలామంది పక్కకు తప్పుకోవలసి వచ్చింది. విద్యను ప్రజలు అందుకోగలరనడానికి ఇది సాక్ష్యం. అందుకున్నదాన్ని సంఘటితంగా కాపాడుకోకపోతే ఏమవుతుందో అనడానికి కూడా ఇదే సాక్ష్యం. నా మిత్రుడికి నేనిచ్చే జవాబు ఈ రెండో సగంలోనే ఉంది.

రోడ్డుమీద పడ్డవాణ్ణి ముట్టుకుంటే పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందనే భయం ఒకటి మిగిలింది. ఆటో డ్రైవర్లు మొదట అడిగిన ప్రశ్న ఇదే. ఆ భయానికి కారణం లేకపోలేదు. కాని ఈనాడు చట్టం వారి పక్షాన ఉన్నదని వారికి ఎవరు చెప్పారు? కేసు లాంఛనాల కోసం చూడకుండా గాయపడినవారికి వైద్యం చెయ్యడం ప్రతి డాక్టరు విధి అని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సహాయం చేసినవారిని వేధించకుండా రక్షించే నియమాలకు 2016లో అదే కోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. పేరు చెప్పమని, సాక్షిగా ఉండమని అతన్ని బలవంతం చెయ్యకూడదు. మా కాగితం వెనకవైపున ఇవి అచ్చువేశాం. ఆటోల్లో చాలామంది ఆ వెనకవైపునే పైకి కనబడేటట్టు అంటించుకున్నారు.

చివరగా మన సాహిత్యాన్ని గురించి ఒక మాట. అభ్యుదయ రచయితలమైన మనం కార్మికుడి చావును ఎన్నో కథల్లో వ్రాశాం. క్రేను కింద పడ్డవాడు, లారీ కింద పడ్డవాడు, పాము కరిచినవాడు మన కథల చివరి పేజీలో చచ్చిపోతాడు. చుట్టూ జనం నిలబడతారు. భార్య ఏడుస్తుంది. పాఠకుడి గుండె బరువెక్కుతుంది. ఆ కన్నీరు నిజమైనదే, వ్యర్థం కూడా కాదు. కాని చుట్టూ నిలబడ్డ ఆ జనానికి మన కథల్లో చేతులు లేవు. వాళ్లు చూస్తారు, జాలిపడతారు, నిట్టూరుస్తారు. బ్రతికించదగిన మనిషి చచ్చిపోతూ ఉంటే దాన్ని అనివార్యమైన విషాదంగా చిత్రించడం వాస్తవికత కాదు, వాస్తవంలో సగమే. ఆ మనిషి బ్రతికే వీలున్నదని తెలిసిన రచయిత వ్రాసే కథ వేరుగా ఉంటుంది. అందులో దుఃఖంతో పాటు ఆగ్రహం కూడా ఉంటుంది, ఎందుకంటే ఆ చావుకు బాధ్యులు కనబడతారు.

మనం చెయ్యగలిగింది పెద్ద పనేమీ కాదు. ప్రతి కాలేజీలో ఏడాదికి రెండు రోజులు ఈ తరగతులు జరగాలి. వాటికి గేటు బయటివాళ్లను పిలవాలి, వారు వచ్చేటట్టు కూలి పోని రోజున పెట్టాలి. పాఠం డాక్టరు చెప్పాలి. భాషను మాత్రం వినేవాళ్లతో కూర్చుని తేల్చాలి. మా కాగితం పల్నాటి మాటల్లో ఉంది. తెలివి తప్పడాన్ని తెలంగాణాలో సోయి తప్పడమంటారు. అక్కడి కాగితంలో సోయి అనే ఉండాలి. తెలుగు డిపార్టుమెంట్లు ఇది తమ పని కాదనుకోవద్దు. వ్యావహారిక భాషావాదానికి ఇంతకన్న కఠినమైన పరీక్ష మరొకటి లేదు. వాక్యం సరిగా ఉన్నదో లేదో తేల్చేది విమర్శకుడు కాడు. విన్నవాడి చేతులు కదిలాయా లేదా అన్నదే లెక్క.